గ్రాఫిక్స్ డ్రైవరు అనే దుబాసీ: లినక్స్ కంప్యూటరులో స్థాపన, లోపనివారణ

రెండు భాషలు నేర్చి, ఒక పక్షం మాటను మరొక పక్షానికి వినిపించే వానిని మన పెద్దలు దుబాసీ అన్నారు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువున 1747 నుండి ఆనందరంగపిళ్ళ నిర్వహించిన పదవి అదే. గవర్నరు ఎంతటి అధికారి అయినా, వర్తకుడు ఎంతటి ధనికుడు అయినా, నడుమ దుబాసీ లేనిదే వ్యవహారం సాగేది కాదు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద చదువుకొనే మన విద్యార్థులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కంప్యూటరులో కూడ ఇటువంటి దుబాసీలు ఉన్నారు. వారికే డ్రైవర్లు అని పేరు. వారిలో మిక్కిలి పెంకివాడు గ్రాఫిక్స్ డ్రైవరు.

మేము తెలుగు బోధించేవారమే గాని కంప్యూటరు శాస్త్రం బోధించేవారము కాము. అయినను ఈ వ్యాసం వ్రాయుటకు ఒక కారణం కలదు. కొన్ని సంవత్సరాల క్రిందట ఈ సంచిక పుటలు కూర్చే లినక్స్ కంప్యూటరు ఒక ఉదయం నల్లని తెరతో మేల్కొన్నది. ముందురోజు సాయంత్రం మేమే దానిలో నవీకరణలు జరిపించాము. ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కిస్తే గంటలో బాగవుతుందని ఒకరు సలహా ఇచ్చారు. మేము సరే అన్నాము. గంటలో కంప్యూటరు బాగయినది. కాని ఉర్దూ విభాగానికి విద్యార్థినులు రెండు నెలలు శ్రమించి టైపు చేసిన పుటలన్నీ దానితో పోయినవి. వాటికి మరొక ప్రతి లేదు. ఆ పిల్లలు మారుమాట ఆడక మళ్ళీ మొదటినుండి టైపు చేశారు.

అటుపిమ్మట మాకు తెలిసినది ఏమనగా, ఆ ఉదయం ఆ ఫైళ్లకు ఏ హానీ జరగలేదు. దుబాసీ ఒక్కడే మూగపోయినాడు. తెర నల్లబడుట వేరు, వ్రాత చెరిగిపోవుట వేరు. ఈ ఒక్క భేదం తెలియక మేము చేసిన తప్పు మరొకరు చేయకుండుటకే ఈ పాఠం.

దుబాసీ చేసే పని

లినక్స్‌కు గుండెకాయ వంటిది కెర్నల్. ఫిన్లాండు దేశీయుడైన లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా 1991లో దానిని వ్రాసి లోకానికి ఇచ్చాడు. కంప్యూటరులోని డిస్కు, కీబోర్డు, తెర మొదలైన సమస్త పరికరాలపై అధికారం ఈ కెర్నల్‌దే. గ్రాఫిక్స్ కార్డు కూడ అట్టి పరికరమే గాని, దానిది ఒక చిన్న రాజ్యం. దానికి సొంత ప్రాసెసరు ఉన్నది, సొంత మెమరీ ఉన్నది, సొంత భాష ఉన్నది. కెర్నల్ మాటను ఆ భాషలోనికి మార్చేదే గ్రాఫిక్స్ డ్రైవరు.

ఎన్‌విడియా సంస్థ ఇచ్చే డ్రైవరును దృష్టాంతంగా తీసుకొందాము. దానిలో ముఖ్యంగా రెండు భాగాలు ఉన్నవి. మొదటిది కెర్నల్‌తో కలిసిపోయి పనిచేసే మాడ్యూలు. రెండవది ఓపెన్‌జిఎల్, వల్కన్ వంటి పద్ధతులలో బొమ్మలు గీయించుకొనే ప్రోగ్రాములకు తోడ్పడే లైబ్రరీలు. ఈ రెండు భాగాల వెర్షను సంఖ్య చివరి అంకె వరకు ఒక్కటే కావలెను. ఒకటి పాతది, మరొకటి కొత్తది అయినచో రెండింటికి పొసగదు.

మూడవ పక్షం కెర్నల్. లినక్స్ నిర్మాతలు కెర్నల్ లోపలి అమరికను ఒకే తీరున స్థిరపరచి ఉంచరు. మెరుగుపరచవలసి వచ్చినప్పుడు మారుస్తారు. ఇది ఏమరుపాటు కాదు, తెలిసి అనుసరించే విధానం. కెర్నల్‌తో పాటు ఒకే చోట ఉండే డ్రైవర్లను వారే ఆ మార్పునకు తగినట్లు సవరిస్తారు. బయటినుండి వచ్చే డ్రైవరు మాడ్యూలును మాత్రం ప్రతి కొత్త కెర్నల్‌కు మళ్ళీ కంపైల్ చేయవలసి ఉంటుంది. ఈ పనిని తనంతట తాను చేసే ఏర్పాటుకు డికెఎంఎస్ అని పేరు. అయితే అది పనిచేయుటకు ఆ కెర్నల్‌కు సంబంధించిన హెడర్ ఫైళ్లు, కంపైలరు సిద్ధంగా ఉండవలెను. లేనిచో కొత్త కెర్నల్ వచ్చును గాని దానితో మాట్లాడే మాడ్యూలు రాదు. మా కంప్యూటరులో ఆనాడు జరిగినది అదే.

కనుక కెర్నల్, మాడ్యూలు, లైబ్రరీలు అనే ఈ మూడింటి పొత్తు కుదిరితే తెర వెలుగుతుంది. పొత్తు చెడితే నల్లబడుతుంది. ఈ పాఠానికంతటికి ఇదే మూలసూత్రం.

తెరచిన పుస్తకం, మూసిన పుస్తకం

డ్రైవర్లు రెండు రకాలు. మూలరచనను ఎవరైనా చదివి సవరించుకొనుటకు వీలుగా బయట పెట్టినవి ఒక రకం. మూలరచనను సంస్థ తన గుప్పిట ఉంచుకొని, తయారైన సరుకును మాత్రమే ఇచ్చేవి రెండవ రకం. వీటినే ప్రొప్రైటరీ డ్రైవర్లు అంటారు.

ఈ వివాదం పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటి ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒక కొత్త ప్రింటరు ప్రోగ్రామును సవరింపదలచి, దాని మూలరచన అడిగి, నిరాకరణకు గురి అయినాడు. కాగితం ఇరుక్కొన్నదని అందరికి తెలియజేసే చిన్న సౌకర్యం కొరకే ఆయన అడిగినాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పక్షాన నిలుచుటకు దారితీసిన అనుభవాలలో అది ఒకటని ఆయనే చెప్పుకొన్నాడు. 1983లో ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించాడు.

నేడు ఇంటెల్ సంస్థ గ్రాఫిక్స్‌కు తెరచిన డ్రైవర్లే కెర్నల్‌లో ఉన్నవి. ఎఎండి సంస్థ 2006లో ఎటిఐ సంస్థను కొని, 2007 నుండి కార్డుల వివరాలను బయట పెట్టసాగినది. 2015లో ఎఎండిజిపియు అనే తెరచిన డ్రైవరు కెర్నల్‌లో చేరినది. కనుక ఈ రెండు సంస్థల కార్డులు గలవారు సాధారణంగా వేరే డ్రైవరు స్థాపింపనక్కరలేదు.

ఎన్‌విడియా మార్గం వేరు. వివరాలు లభించనందున స్వచ్ఛంద కార్యకర్తలు కార్డు నడవడిని బయటినుండి పరిశీలించి నూవో అనే తెరచిన డ్రైవరును నిర్మించారు. అది 2010లో 2.6.33 కెర్నల్‌తో ప్రధాన స్రవంతిలో కలిసినది. అయితే 2014 తరువాతి కార్డులలో సంస్థ ముద్ర లేని ఫర్మ్‌వేరు చెల్లదు. అందువలన నూవోకు కార్డు వేగం పెంచే అధికారం చాలకాలం దక్కలేదు. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో టోర్వాల్డ్స్ ఈ సంస్థపై బహిరంగంగా పరుషోక్తులు పలికినాడు. 2022 మే మాసంలో ఆ సంస్థ కెర్నల్ మాడ్యూళ్ల మూలరచనను బయట పెట్టినది. ఇది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం, ఆపై కార్డులకు వర్తిస్తుంది. 2025లో వచ్చిన జిఫోర్స్ ఆర్‌టిఎక్స్ 50 వర్గానికి ఈ తెరచిన మాడ్యూళ్లే గతి. అయినను లైబ్రరీలు ఇప్పటికీ మూసిన పుస్తకమే. సగం తలుపు తెరచినారు, సగం మూసి ఉంచినారు.

స్థాపనకు ముందు

మొదటి పని ఫైళ్ల ప్రతి తీయుట. అది అయిన తరువాతనే మిగిలిన పనులు. రెండవ పని కార్డు ఏదో తెలుసుకొనుట. టెర్మినల్ తెరచి, ఎల్-ఎస్-పి-సి-ఐ అనే ఆదేశానికి చివర ఖాళీ విడిచి, హైఫన్, కె చేర్చి నొక్కవలెను. పరికరాల పట్టిక వస్తుంది. దానిలో విజిఎ లేదా త్రీడి కంట్రోలరు అన్న చోట కార్డు పేరు, దాని కింద ప్రస్తుతం వాడుకలో ఉన్న డ్రైవరు పేరు కనిపిస్తాయి. అక్కడ నూవో అని ఉన్నదా, ఎన్‌విడియా అని ఉన్నదా గమనించవలెను. ఒక కార్డును ఒకే దుబాసీ పట్టుకొనగలడు. ఇద్దరూ పోటీపడితే కలహమే మిగులుతుంది. అందుచేతనే ప్రొప్రైటరీ డ్రైవరును స్థాపించేటప్పుడు నూవోను పక్కకు తప్పించే ఏర్పాటు కూడ జరుగుతుంది.

మూడవ పని కార్డు వయస్సు తెలుసుకొనుట. పాత కార్డులకు కొత్త డ్రైవర్లు పనిచేయవు. జిఫోర్స్ 400, 500 వర్గాలలోని ఫెర్మీ తరానికి 390 శ్రేణియే చివరిది. దాని పోషణ 2022తో ముగిసినది. 600, 700 వర్గాలలోని కెప్లర్ తరానికి 470 శ్రేణి చివరిది. దాని పోషణ 2024తో ముగిసినది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు, అనగా ముఖ్యంగా 900, 1000 వర్గాలకు, 2025లో వెలువడిన 580 శ్రేణియే చివరిదని సంస్థ ప్రకటించినది. పోషణ ముగిసిన డ్రైవరు కొత్త కెర్నల్‌తో పొసగుట కష్టం. అట్టి పాత కార్డులతో టైపింగు, పాఠాలు చూచుట వంటి పనులకు నూవోనే ఉంచుకొనుట మేలు.

స్థాపన విధానం

సంస్థ స్థలం నుండి డ్రైవరు ఫైలును నేరుగా దించుకొని నడిపించుట చాలమంది చేసే పొరపాటు. డిస్ట్రిబ్యూషన్ యొక్క ప్యాకేజీ పట్టికలో ఆ డ్రైవరు నమోదు కాదు. రేపు కెర్నల్ గాని లైబ్రరీలు గాని మారినప్పుడు దాని యోగక్షేమం చూచేవారు ఉండరు. కనుక డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీనే వాడవలెను.

ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే కిటికీ కలదు. అది కార్డును గుర్తించి, తగిన డ్రైవర్ల పట్టిక చూపి, ఒకదానిని సిఫారసు చేస్తుంది. దానిని ఎన్నుకొని కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే చాలును. టెర్మినల్ ద్వారా చేయదలచినవారు సుడో, ఉబుంటు-డ్రైవర్స్, ఇన్‌స్టాల్ అనే మూడు మాటలను ఖాళీలతో వరుసగా ఇచ్చినా అదే ఫలితం. డెబియన్‌లో ముందుగా నాన్-ఫ్రీ అనే విభాగాన్ని ప్యాకేజీ మూలాలలో చేర్చి, పిమ్మట ఎన్‌విడియా-డ్రైవర్ అనే ప్యాకేజీని స్థాపించవలెను. ఫెడోరాలో ఆర్‌పిఎం ఫ్యూజన్ అనే భాండారాన్ని చేర్చి, ఎక్‌మాడ్-ఎన్‌విడియా అనే ప్యాకేజీని స్థాపిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్థాపన ముగిసినట్లు కనిపించినను లోపల మాడ్యూలు కంపైల్ అగుటకు కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడి అప్పుడే తిరిగి ప్రారంభించినవారికి నల్లని తెర దర్శనమిస్తుంది.

తిరిగి ప్రారంభించిన తరువాత ఎన్‌విడియా-ఎస్ఎంఐ అనే ఆదేశం ఇవ్వవలెను. కార్డు పేరు, డ్రైవరు సంఖ్య పట్టికగా వస్తే పొత్తు కుదిరినట్లే. తెర వెలిగినను బొమ్మలు నత్తనడక నడిచినచో, సెట్టింగులలో గ్రాఫిక్స్ పేరు చూడవలెను. ఎల్ఎల్‌విఎంపైప్ అని ఉంటే కార్డు ఖాళీగా కూర్చున్నదనీ, బొమ్మలు గీసే భారమంతా ప్రధాన ప్రాసెసరు మోస్తున్నదనీ అర్థం.

మొహరు లేని దస్తావేజు

సర్కారు మొహరు లేని దస్తావేజు కచేరీలో చెల్లదు. కొత్త కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అనే కట్టుబాటు అటువంటిది. అది అమలులో ఉండగా, ముద్ర లేని మాడ్యూలును కెర్నల్ లోనికి రానీయదు. ఉబుంటులో కొన్ని కెర్నళ్లకు ముందే ముద్ర వేసిన మాడ్యూళ్లు లభిస్తాయి. మన కంప్యూటరులోనే కంపైల్ చేసుకొన్న మాడ్యూలుకు మాత్రం మన ముద్రను మనమే నమోదు చేయించవలెను.

స్థాపన సమయంలో ఒక సంకేతపదం నిర్ణయించుకొమ్మని కంప్యూటరు అడుగుతుంది. తిరిగి ప్రారంభించగానే నీలి రంగు తెర వస్తుంది. దానిలో ఎన్‌రోల్ మోక్ అనే దానిని ఎన్నుకొని, సమ్మతి తెలిపి, ఆ సంకేతపదం ఇవ్వవలెను. ఆ నీలి తెర కొద్దిసేపే నిలుస్తుంది. అదేదో లోపమని భయపడి దాటవేసినవారి డ్రైవరు పనిచేయదు. ఆ తెరపై మన ఉర్దూ, తెలుగు కీబోర్డు అమరికలు పనిచేయవు. కనుక సంకేతపదాన్ని సాదా ఆంగ్ల అక్షరాలతో, అంకెలతో పెట్టుకొనుట క్షేమం.

తెర నల్లబడినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాము. తెర నల్లబడినప్పుడు చేయకూడని పని ఒక్కటే: ఫార్మాట్. చేయవలసిన పనులను మాత్రం ఈ వరుసలో చేయవలెను.

ఒకటి. తీగ చూడండి. వేరే గ్రాఫిక్స్ కార్డు గల డెస్క్‌టాప్ వెనుక, మదర్‌బోర్డుకు ఒకటి, కార్డుకు ఒకటి, తెర తీగ పెట్టుటకు రెండు చోట్లు ఉంటాయి. తీగ మదర్‌బోర్డు వైపు ఉంటే, కార్డు ఎంత చక్కగా పనిచేసినా తెరపై ఏమీ కనిపించకపోవచ్చును.

రెండు. పాత కెర్నల్‌తో ప్రారంభించండి. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ లేదా షిఫ్టు నొక్కితే గ్రబ్ అనే పట్టిక వస్తుంది. దానిలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద అంతకు ముందటి కెర్నల్ ఉంటుంది. నిన్నటి వరకు పొత్తు కుదిరి ఉన్నది దానితోనే గదా! నవీకరణ తరువాత నల్లబడిన తెరలు చాలవరకు ఈ ఒక్క ఉపాయంతో వెలుగుతాయి.

మూడు. అక్షరాల తెర పిలవండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే బొమ్మలు లేని అక్షరాల తెర వచ్చి పేరు అడుగుతుంది. అది వచ్చినదంటే కంప్యూటరు బ్రతికే ఉన్నది, ఫైళ్లు పదిలంగా ఉన్నవి అని గ్రహించవలెను.

నాలుగు. అదీ రాకపోతే, గ్రబ్ పట్టికలో కెర్నల్ పేరుపై ఇ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పంక్తి చివర ఖాళీ విడిచి, నోమోడ్‌సెట్ అనే మాటను చేర్చి, ఎఫ్10 నొక్కవలెను. తెర మోటుగా కనిపించవచ్చును గాని కనిపిస్తుంది. ఈ మార్పు ఆ ఒక్క సారికే.

ఐదు. లోనికి ప్రవేశించిన తరువాత కారణం వెదకండి. డికెఎంఎస్ స్టేటస్ అనే ఆదేశం ఏ కెర్నల్‌కు మాడ్యూలు సిద్ధమైనదో చెబుతుంది. కొత్త కెర్నల్ పేరు ఆ పట్టికలో లేకపోతే దాని హెడర్ ఫైళ్లు స్థాపించవలెను. కీ తిరస్కరింపబడినదని సందేశం వస్తే, అది మొహరు తగాదా. డ్రైవరుకు, లైబ్రరీకి వెర్షను కుదరలేదని ఎన్‌విడియా-ఎస్ఎంఐ చెబితే, నవీకరణ తరువాత తిరిగి ప్రారంభించలేదని అర్థం. ప్రారంభిస్తే సాధారణంగా సరిపోతుంది. పేరు, సంకేతపదం ఇచ్చినను మళ్ళీ ప్రవేశ ద్వారానికే తిరిగి వస్తుంటే, డిస్కు నిండిపోయినదేమో చూడవలెను. డి-ఎఫ్ అనే ఆదేశం ఆ లెక్క చెబుతుంది.

ఆరు. ఏదీ ఫలించకపోతే ఎన్‌విడియా పేరు గల ప్యాకేజీలను పూర్తిగా తొలగించి తిరిగి ప్రారంభించండి. నూవో మళ్ళీ పని అందుకొంటుంది. తీరికగా మరల స్థాపించుకొనవచ్చును.

ఏడు. వ్యవస్థను తిరిగి ఎక్కించుట తప్పనిసరి అయినను, ముందుగా పెన్‌డ్రైవు నుండి ఉబుంటును స్థాపించకుండ నడిపించి, డిస్కులోని హోమ్ ఫోల్డరును మరొక చోటికి ప్రతి తీసుకొనవలెను. డిస్కుకు గుప్తలేఖనం ఉంటే దాని సంకేతపదం ఇచ్చి తెరవవలెను. ఆ ప్రతిలోని ఒక ఫైలును తెరచి, కంటితో చదివి చూచిన తరువాతనే ఫార్మాట్ అనే మాట ఎత్తవలెను.

గత సంవత్సరం అదే కంప్యూటరు మరల నల్లబడినది. ఈసారి ఉర్దూ విభాగపు విద్యార్థిని ఒకరు పాత కెర్నల్‌తో ప్రారంభించి, హెడర్ ఫైళ్లు స్థాపించి, అరగంటలో తెర వెలిగించినది. ఒక్క అక్షరం పోలేదు. ఆమె మొదటిసారి పుటలు పోగొట్టుకొన్న వారిలో ఒకరి చెల్లెలు. తమ ఇంటిలో ఆ కథ వినని రోజు లేదని ఆమె నవ్వుతూ చెప్పినది. మాకు నవ్వు రాలేదు.

పాలకవర్గానికి మనవి

పాలకవర్గ పెద్దలకు నాలుగు మాటలు విన్నవించుకొంటున్నాము. టైపింగు, పుటల కూర్పు, పాఠాల ప్రదర్శన వంటి పనులకు వేరే గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ఇంటెల్ లేదా ఎఎండి గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే గల కంప్యూటర్లు చాలును. వాటి డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి గనుక పై చిక్కులు చాలవరకు ఉండవు. క్యూడా వంటి ప్రత్యేక గణన అవసరమైన చోటనే ఎన్‌విడియా కార్డు కొనవలెను. కొనే ముందు దాని తరం, దానికి డ్రైవరు పోషణ ఎంతకాలం లభిస్తుందనేది విచారించవలెను. చౌకగా వచ్చిన పాత కార్డు రెండేళ్లలో అనాథ కావచ్చును.

పరీక్షల ముందు, సంచిక అచ్చుకు పోయే ముందు నవీకరణలు జరపకూడదు. పని చేయుచున్న పాత కెర్నల్‌ను తొలగింపకూడదు. ప్రతి యంత్రానికి ఒక నోటు పుస్తకం ఉంచి, కార్డు పేరు, డ్రైవరు సంఖ్య, నవీకరణ తేదీ వ్రాయించవలెను. అన్నిటికంటె ముఖ్యంగా, విద్యార్థుల శ్రమ ఒక్క డిస్కులో మాత్రమే ఉండకూడదు. వారం వారం ఒక ప్రతి బయట ఉండవలెను. దీనికి కావలసినది ఒక డిస్కు ఖరీదు, ఒక మనిషికి అప్పగించిన బాధ్యత.

విద్యార్థులారా! దుబాసీ మూగపోయినంత మాత్రాన ఇరుపక్షాల వారు చనిపోయినట్లు కాదు. కాసేపు ఓర్చుకొని, పొత్తు ఎక్కడ చెడినదో వెదికితే మాట మళ్ళీ సాగుతుంది. మేము ఆ ఓర్పు చూపనందున శిక్ష మాకు పడలేదు, పిల్లలకు పడినది. ఈ సంచికలోని ఉర్దూ పుటలు చదివేటప్పుడు, ఒకప్పుడు అటువంటి పుటలనే రెండుసార్లు టైపు చేసిన ఆ చేతులను ఒకసారి తలచుకొనండి.